మూడో తరగతి ఇంటి చదువుకు ప్రభుత్వ పుస్తకాలు: తిరుపతిలో వాడి చూసిన మీదట

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకొనే కుటుంబాలు తిరుపతిలో కొద్దిగానే ఉన్నాయి గాని, నాకు తెలిసినంతలో ఆ కొద్దిమందిలో ఏ ఇద్దరూ ఒకే పుస్తకాలు వాడడం లేదు. ఒకరు మాంటిస్సోరి సామగ్రితో చెబుతారు, ఒకరు కేంబ్రిడ్జి పుస్తకాలు తెప్పిస్తారు, మరొకరు ఏ పుస్తకమూ పెట్టుకోకుండా పిల్లవాడి ఇష్టాన్ని బట్టి నడుస్తారు, ఇంకొకరు ఏటా వేలకు వేలు పోసి పెట్టెల్లో వచ్చే తయారు పాఠాలు కొంటారు. మూడో తరగతి వయసున్న మా అమ్మాయికి మేము కేంద్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల సంస్థ అయిన ఎన్‌సీఈఆర్‌టీ వారి కొత్త పుస్తకాలను, వాటికి తోడుగా మన రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ ద్విభాషా పుస్తకాలను ఎంచుకొన్నాము. ఈ తరగతికి ఇవి చాలునని, వీటిలో ఉన్న లోపాలు రోజూ కొంత సమయం కేటాయించగల తల్లిదండ్రులు పూడ్చుకోదగినవేనని నా అభిప్రాయం. అయితే తమ పుస్తకం కంటే పక్క కుటుంబం పుస్తకం మీదనే చూపు నిలిపిన ఇంట్లో ఎంత మంచి పాఠ్యప్రణాళిక అయినా ఆరు నెలలు ఆగదు కాబట్టి, ఆ సంగతిని కూడా ఈ సమీక్షలో భాగంగానే రాస్తున్నాను.

ముందు ధర విషయం. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఒక్కొక్కటి 65 రూపాయలు. మూడో తరగతికి 2024లో వచ్చిన కొత్త పుస్తకాలలో మేము తీసుకొన్నవి మూడు: ఆంగ్లానికి ‘సంతూర్’, గణితానికి ‘మ్యాథ్స్ మేళా’, పరిసరాల విజ్ఞానానికి ‘అవర్ వండ్రస్ వరల్డ్’. మూడూ కలిపి 195 రూపాయలు. అచ్చు పుస్తకం అక్కరలేదనుకొంటే ఆ సంస్థ వెబ్‌సైట్ నుంచి పీడీఎఫ్‌లు ఉచితంగా దించుకోవచ్చు. రాష్ట్ర పుస్తకాలను ప్రభుత్వ బడి పిల్లలకు ఉచితంగా ఇస్తారు. మనవంటివారు వాటి పీడీఎఫ్‌లను దించుకొని యూనివర్సిటీ పరిసరాల్లోని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగు చేయించుకోవచ్చు. ఖర్చు తగ్గుతుందని నలుపు తెలుపులో తీయిస్తే బొమ్మల్లో సగం మసకబారిపోతాయి. చిన్న తరగతుల్లో బొమ్మే పాఠం కనుక రంగుల ప్రింటు తీయించుకోవడం మేలు.

ఈ మూడింటిలో అన్నిటికన్నా బాగున్నది మ్యాథ్స్ మేళా. సంఖ్యలను ఒక్కసారిగా మీద పడేయకుండా మొదట రెండు వందల వరకు, ఆ తరువాత వందల ఇళ్లు కట్టుకొంటూ పోయినట్టుగా మిగిలిన మూడంకెల సంఖ్యల వరకు నడిపిస్తుంది. గుణకారాన్ని ఎక్కాల పట్టికతో మొదలుపెట్టకుండా సమూహాలు చేయించి, ఒక్కో సమూహంలో ఎన్ని, అటువంటి సమూహాలు ఎన్ని అని అడుగుతుంది. భిన్నాలను ‘ఫెయిర్ షేర్’ అనే పాఠంలో సమానంగా పంచుకోవడంగా పరిచయం చేస్తుంది. సగం, పావు అనే మాటలను దోసె ముక్కలతోనో బెల్లం అచ్చుతోనో చేతిలో పెట్టి చూపగలిగితే పిల్లలు ఆ పాఠాన్ని మరి మరచిపోరు. పేజీలలో అక్కడక్కడ ఉపాధ్యాయులకు రాసిన చిన్న సూచనలు ఉన్నాయి, బి.ఎడ్. చదవని నావంటి తల్లికి అవే శిక్షణ తరగతులయ్యాయి. కొందరు వాటిని దాటవేసి నేరుగా లెక్కల మీద పడతారు. వాటిని వదిలేస్తే ఈ పుస్తకం ఉత్త బొమ్మల పుస్తకంగా మిగులుతుందని హెచ్చరించక తప్పదు.

పుస్తకంలోని లోకం మాత్రం ఉత్తరాదిది. గుణకార సమూహాలకు రాఖీ పండుగ వస్తుంది, సెలవులకు పిల్లలు నానీ మా (అమ్మమ్మ) ఇంటికి వెళ్తారు, చివరి పాఠం హర్యానాలోని సూరజ్‌కుండ్ మేళా. దీనిని కొందరు పెద్ద లోపంగా చెబుతారు గాని, నాకు ఇది ఇంటి చదువుకు దొరికిన వెసులుబాటుగానే తోచింది, ఎందుకంటే బడిలో నలభై మంది పిల్లల ముందు మార్చలేని ఉదాహరణను ఇంట్లో ఒక్క నిమిషంలో మార్చవచ్చు. సూరజ్‌కుండ్ పాఠంలోని సౌష్ఠవాన్ని, అంటే రెండు సగాలూ ఒకేలా ఉండడాన్ని, మేము తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తెచ్చుకొన్నాము. మే నెలలో జాతర జరిగే రోజుల్లో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకొని వీధుల్లో తిరిగేవారి ముఖాల మీది చారలు, బొట్లు కుడి ఎడమల్లో సరిపోతున్నాయా లేదా అని చూడడం కంటే మంచి అభ్యాసం ఏ పుస్తకమూ ఇవ్వలేదు. బరువులు, కొలతలు చెప్పే ‘ఫిల్లింగ్ అండ్ లిఫ్టింగ్’ పాఠానికి రైతు బజారు సరిపోయింది. జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి కాయలతో బారులు తీరిన ట్రాక్టర్లను చిత్తూరు దారిలో చూపిస్తే, కిలోకు, టన్నుకు మధ్య దూరం ఎంతటిదో చెప్పనక్కరలేదు.

అసలు లోపం అభ్యాసాల కొరత. అప్పు తెచ్చుకొని చేసే తీసివేతలు రెండు మూడు చేయగానే పుస్తకం మరో సంగతికి వెళ్లిపోతుంది. మా అమ్మాయికి అటువంటివి ఇంకా చాలా కావలసి వచ్చాయి. జవాబులు కూడా పుస్తకంలో ఉండవు. ఈ కొరతను రాష్ట్ర ప్రభుత్వ గణిత పుస్తకం తీరుస్తుంది. 2020-21 నుంచి మన రాష్ట్రంలో వస్తున్న ఈ ద్విభాషా పుస్తకాలలో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఆంగ్లంలో ఉంటుంది. వీటిని బడి పుస్తకాలుగా ఎవరు ఎంత విమర్శించినా, తెలుగు మాధ్యమంలో చదువుకొని ఇప్పుడు పిల్లలకు ఆంగ్లంలో చెప్పవలసి వచ్చిన తల్లిదండ్రులకు ఇంతకంటే పనికివచ్చే పుస్తకాన్ని నేను చూడలేదు. పాఠం మొదట తెలుగు పేజీలో అర్థం చేసుకొని, మరునాడు ఆంగ్ల పేజీలో అవే లెక్కలను పిల్ల చేతనే చదివిస్తే రెండు భాషలూ ఒక్క దెబ్బతో సాగుతాయి.

ఆంగ్లానికి సంతూర్ సులువుగానే ఉంది, కొంచెం ఎక్కువ సులువుగా ఉందనే చెప్పాలి. ఇంట్లో ఆంగ్ల కథలు వినే అలవాటున్న పిల్లలు దీనిని త్వరగా ముగించేస్తారు. చంద్రయాన్ గురించిన పాఠం మాత్రం మా జిల్లా పిల్లలకు సొంత పాఠం, ఎందుకంటే 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరిన శ్రీహరికోట ఈ జిల్లాలోనే ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకొంటే ప్రయోగాన్ని సందర్శకుల గ్యాలరీ నుంచి చూడవచ్చు. పరిసరాల పుస్తకం అచ్చు, బొమ్మలు చక్కగా ఉన్నా దానిని ఆసాంతం చదివించనక్కరలేదనుకొంటాను. అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, జంతు ప్రదర్శనశాల, చంద్రగిరి కోట, తిరుమల మీద శిలాతోరణం ఉన్న ఊళ్లో మొక్కలను, రాళ్లను, పాత కట్టడాలను గురించి పుస్తకంలోనే నేర్చుకోమనడం అన్యాయం. ఘాట్ రోడ్డు పక్కన కొండ చరియలో అడుగున ఒక రకం రాయి, దాని మీద కోట్ల సంవత్సరాల తరువాత పేరుకొన్న మరో రకం రాయి కలిసే చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. మనలో ఎంతమందిమి కొండకు వెళ్తూ దానిని చూశామో చెప్పడం కష్టం.

తెలుగుకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం లేదు కనుక రాష్ట్ర ప్రభుత్వ వాచకమే గతి. అది బాగానే ఉంది. మా మామగారు దానితో తృప్తి పడక పెద్ద బాలశిక్ష తెప్పించి, సాయంత్రాలు అరవై సంవత్సరాల పేర్లు, వేమన పద్యాలు మా అమ్మాయికి తానే చెబుతున్నారు. పాఠ్యప్రణాళికలో లేని ఈ భాగం గురించి నాకు సమీక్షించే అధికారం లేదు.

ఇక పెట్టెల్లో వచ్చే తయారు పాఠ్యప్రణాళికల సంగతి. మాకు తెలిసిన ఒక కుటుంబం వేరే నగరంలోని ఒక సంస్థ దగ్గర ఇటువంటి పెట్టె కొన్నది. దానిని అడిగి తెచ్చుకొని కొన్నాళ్లు దగ్గర పెట్టుకొని చూశాము. కాగితం, అచ్చు, పూసలు, అట్టముక్కలు అన్నీ నాణ్యమైనవే. ఏ రోజు ఏమి చెప్పాలో, ఎన్ని నిమిషాలు చెప్పాలో రాసిన దినచర్య పుస్తకం ఉంది కనుక ఉద్యోగం చేస్తూ చెప్పే తల్లిదండ్రులకు ఆలోచించే భారం తగ్గుతుంది. కాని దాని అసలు ఇబ్బంది కూడా ఆ దినచర్యే. పిల్లకు జ్వరం వచ్చినా, బ్రహ్మోత్సవాలకు ఇంటి నిండా చుట్టాలు దిగినా, ఒక లెక్క దగ్గర నాలుగు రోజులు ఆగవలసి వచ్చినా ఆ పుస్తకం ప్రకారం మనం వెనకబడినట్టే లెక్క. ఎవరి కంటే వెనకబడ్డామని అడిగితే జవాబు లేదు. ఆ దినచర్య రాసినవారి మనసులో ఉన్న, జ్వరాలు రాని, చుట్టాలు లేని ఒక ఊహాపుత్రుడి కంటే వెనకబడ్డామన్న మాట. పోలిక అనేది పక్కింటి నుంచే రానక్కరలేదు, అది పెట్టెలో పాఠాలతో పాటు కూడా ఇంటికి చేరవచ్చు. ఆ కుటుంబానికి ఆ పెట్టె సరిపోయింది, ఎందుకంటే వారి అబ్బాయికి రోజుకింత అని గీత గీసి ఇస్తేనే మనసు కుదురుతుంది. మా అమ్మాయి ఆ గీతను చూస్తేనే ఏడుస్తుంది. అందువల్ల ఆ పెట్టె మంచిదా కాదా అన్న ప్రశ్నకు నేను తీర్పు చెప్పలేను, చెప్పకూడదు కూడా.

ఇంటి చదువులు చెప్పుకొనే కుటుంబాలు ఆదివారాలు కలుసుకొన్నప్పుడు మాటలు అనివార్యంగా పుస్తకాల మీదికే మళ్లుతాయి. ఒకరి అబ్బాయి అప్పుడే దశాంశాలు చేస్తున్నాడని, ఒకరి అమ్మాయి ఆంగ్ల నవలలు చదివేస్తోందని విన్న రాత్రి మన పుస్తకాలన్నీ పలచగా కనిపిస్తాయి, మరునాడు ఉదయం ఆన్‌లైన్‌లో మరో పుస్తకం ధర చూస్తాము. ఇటువంటి రాత్రుల్లో కొన్నవే చాలా ఇళ్ల అలమరల్లో సగం వరకు నింపి వదిలేసిన వర్క్‌బుక్కులు. దీనికి తోడు తిరుపతి ఇళ్లకు మరొక పరీక్ష ఉంది. దర్శనానికి వచ్చే బంధువులందరికీ మన ఇల్లే సత్రం, కొండ దిగి వచ్చి భోజనాలయ్యాక వాళ్లకు ఏమీ తోచక పిల్లను పిలిచి, “ఏం అమ్మణ్ణీ, ఏ ఇస్కూలు? పదమూడో ఎక్కం చెప్పు చూద్దాం” అంటారు. సమూహాలు చేసి గుణకారం అర్థం చేసుకొన్న పిల్ల ఆ మాటకు తడబడుతుంది, కార్పొరేట్ బడిలో ఐఐటీ ఫౌండేషన్ అంటూ చదువుతున్న మేనబావ గడగడ అప్పజెప్పేస్తాడు. మా అమ్మాయికి ఎక్కాలు వచ్చి తీరాలని మా అత్తయ్య కోరిక. అందులో న్యాయం ఉంది కనుక సమూహాలు అర్థమయ్యాక ఎక్కాలు వల్లె వేయించడం కూడా పెట్టుకొన్నాము. బంధువుల కోసం పాఠాల క్రమాన్ని తలకిందులు చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు.

పోల్చుకోవద్దని చెప్పడం సులువు. అసలు కొలతే లేకుండా పిల్ల చదువు సాగుతోందో లేదో తెలియదు, తెలియని తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. అందుకు బహిరంగంగా అందరికీ అందుబాటులో ఉన్న కొలతలనే వాడుకోవచ్చు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021 జూలైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు ముందెన్నడూ చూడని పాఠాన్ని నిమిషానికి కనీసం 60 మాటల వేగంతో, అర్థం చేసుకొంటూ చదవగలగాలి. 9999 వరకు సంఖ్యలను చదవగలగాలి, రాయగలగాలి. విభక్తులూ ప్రత్యయాలూ కలుపుకొని ఒక్కో మాటను బారెడు చేసే తెలుగులో నిమిషానికి 60 మాటలన్నది కాస్త ఎక్కువేనని నా అనుమానం గాని, లక్ష్యం ఏమిటో తెలిసినందుకు మేలే. ఇందులో ఒక తమాషా కూడా ఉంది: ఆ లక్ష్యం నాలుగంకెల సంఖ్యలు రావాలంటుంటే, ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి గణిత పుస్తకం ప్రధానంగా మూడంకెల చుట్టూనే తిరుగుతుంది. కేంద్రం వారి రెండు పత్రాలకే ఒకే వయసు పిల్లల విషయంలో ఇంత తేడా ఉన్నప్పుడు, రెండు కుటుంబాల మధ్య తేడాను చూసి కంగారు పడవలసిన పని ఏముంది?

రోజువారీ కొలతకు మరో మంచి పద్ధతి మనకు దగ్గరలోనే పుట్టింది. ఒకప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె దగ్గర ఉన్న రిషి వ్యాలీ విద్యాకేంద్రంలో, చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం అక్కడి విద్యావనరుల సంస్థ పాఠాలన్నిటినీ చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వాటి వరుసను ఒక నిచ్చెనగా గీసి గోడకు పెట్టింది. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలుంటారు. ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీద ఉన్నదో తానే చూసుకొని ఆ కార్డు తీసుకొంటుంది, అది పూర్తయితే తరువాతి మెట్టుకు పోతుంది. కొన్ని కార్డులు ఉపాధ్యాయుడి దగ్గర చేయాలి, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా. నాలుగు రోజులు బడికి రాని పిల్ల మళ్లీ వచ్చినప్పుడు తాను ఆపిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది కనుక వెనకబడడమన్న సమస్యే ఉండదు. విద్యలో పోలికను జీవితాంతం వ్యతిరేకించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన చోట ఈ పద్ధతి రూపుదిద్దుకోవడంలో ఆశ్చర్యం లేదు. మేము మ్యాథ్స్ మేళా పాఠాలను అట్టముక్కల మీద విడివిడిగా రాసి, బీరువా తలుపుకు అటువంటి నిచ్చెన ఒకటి అంటించాము. తారీఖులు రాయలేదు. పెట్టెలో వచ్చిన దినచర్యకు, దీనికి తేడా అదొక్కటే అయినా, ఇంట్లో వాతావరణం మీద దాని ప్రభావం చాలా ఎక్కువ.

ఈ పుస్తకాలతో చదివిన పిల్లకు రేపు ధ్రువపత్రం ఎలా అని అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది గాని, ఇంటి చదువును పేరు పెట్టి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. బడికి తిరిగి వెళ్లదలచిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్, మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానంగా ఏ, బీ, సీ అనే స్థాయిలను నడుపుతోంది. వాటికి గుర్తింపు పొందిన సంస్థల ద్వారా నమోదు కావాలి. పదో తరగతికి కనీస వయసు 14 ఏళ్లు. ఐదు సబ్జెక్టులు, ఏటా రెండు దఫాలు పరీక్షలు, ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం మరో దారి. కాబట్టి మూడో తరగతి పుస్తకాన్ని ఎంచుకొనేటప్పుడు పదో తరగతి ధ్రువపత్రం గురించిన భయంతో ఖరీదైన దానిని కొనవలసిన అవసరం లేదు.

ఈ పుస్తకాలు అందరికీ సరిపోతాయని అనలేను. రోజూ గంటన్నర, రెండు గంటలు పక్కన కూర్చోలేని తల్లిదండ్రులకు, పిల్లకు ఏమి చెప్పాలో ప్రతి రోజూ రాసిపెట్టి ఉంటేనే ధైర్యంగా ఉండేవారికి ఇవి నిరాశ కలిగిస్తాయి. వారు తయారు పెట్టె కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఆంగ్లంలో ముందున్న పిల్లలకు సంతూర్‌తో పాటు కథల పుస్తకాలు తప్పనిసరి. నాలుగో తరగతికి వెళ్లేవారు మ్యాథ్స్ మేళా కొత్త ప్రతి 2025లో వచ్చిందని గుర్తుంచుకోవాలి. పాత సిలబస్‌లోని ‘మ్యాథ్ మ్యాజిక్’ ప్రతులు షాపుల్లో మిగిలి ఉండవచ్చు కనుక, ఏప్రిల్‌లో కొనేటప్పుడు అట్ట మీద పేరును, లోపల ముద్రించిన సంవత్సరాన్ని చూసి తీసుకోవడం మంచిది.